లినక్సులో రక్షణ సవరణలు

గోదావరి ఏటిగట్టులో ఎలుక త్రవ్విన బొరియ చూచుటకు చిన్నది. ఏరు నిండుగా వచ్చిన దినమున ఆ బొరియయే గండి యగును. అందుచే నరసాపురము వంటి ఏటి ఒడ్డు ఊళ్ళలో వరదకు ముందే గట్టు బాగోగులు చూచుకొనవలెను. కంప్యూటరు ప్రోగ్రాములలోని దోషముల సంగతియు ఇట్టిదే.

ప్రోగ్రాములు మనుష్యులు వ్రాసినవి. వేలాది పంక్తులలో ఎక్కడనో ఒక పొరపాటు దొరలును. అది తెలిసినంతనే ప్రోగ్రామును నిర్వహించువారు సవరణ విడుదల చేయుదురు. ఇక్కడనే ఒక చిక్కు కలదు. సవరణను పరిశీలించినచో దోషమెచ్చట నున్నదో దొంగకును తెలియును. కాబట్టి సవరణ వెలువడిన పిమ్మట, దానిని వేసికొనని యంత్రమునకు ప్రమాదము హెచ్చునే గాని తగ్గదు.

2017 మే 12న ప్రపంచమంతట వ్యాపించిన ‘వాన్నాక్రై’ ఇందుకు నిదర్శనము. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాత బడినవి. అది ఆశ్రయించిన విండోస్ దోషమునకు సవరణ మార్చి 14ననే, అనగా దాదాపు రెండు నెలల ముందే, విడుదలయ్యెను. లినక్సుకును ఈ నీతి వర్తించును.

లినక్సులో ప్రోగ్రాములు ‘ప్యాకేజీ’లను మూటలుగా లభించును. డెబియన్, ఉబుంటు పద్ధతులలో వీనిని ‘ఆప్ట్’ అను సాధనము నిర్వహించును. విద్యార్థులు దీని రెండు ఆజ్ఞలను తరచు ఒకటిగా భావింతురు. ‘ఆప్ట్ అప్‌డేట్’ అను ఆజ్ఞ ఏ ప్రోగ్రామును మార్చదు; ఏమేమి సవరణలు వచ్చినవో ఆ జాబితాను మాత్రము తెచ్చును. వానిని వేయునది ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’. జాబితాపై నుండు గూఢలిపి సంతకమును ఆప్ట్ సరిచూచును. కనుక దారిలో ఎవరైనను మూటను మార్చినచో పట్టుబడును.

సవరణ వేసిన తరువాత కూడ ప్రోగ్రాము సంఖ్య పాతదిగనే కనిపించవచ్చును. ఇది లోపము కాదు. 2014 ఏప్రిల్ 7న ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’ అను గూఢలిపి ప్రోగ్రాములో ‘హార్ట్‌బ్లీడ్’ అను దోషము వెల్లడియైనది. దాని వలన పరులు ఒక్కొక్క మారు 64 కిలోబైట్ల మేర కంప్యూటరు మెమొరీని చదువగలిగిరి. మూలకర్తలు 1.0.1జి అను క్రొత్త రూపమును విడుదల చేసిరి. డెబియన్ వారు మాత్రము తమ పాత 1.0.1ఇ లోనే ఆ దోషమును సరిచేసి, చివర ‘డెబ్7యు5’ అను గుర్తు చేర్చిరి. బొరియ పడినదని గట్టునంతయు త్రవ్వి మరల కట్టరు గదా! క్రొత్త రూపముతో పాటు క్రొత్త మార్పులు వచ్చి, నడుచుచున్న పని చెడకుండుటకే ఈ జాగ్రత్త. పైగా క్రొత్తదంతయు క్షేమము కాదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ 5.6.0, 5.6.1 రూపములలో ఎవరో బుద్ధిపూర్వకముగా చొప్పించిన దొంగదారి బయటపడినది. పాత రూపముననే నిలిచియున్న డెబియన్ స్థిర విడుదలకు ఆ బాధ లేకపోయెను.

సవరణ వేయుటతో పని ముగియదు. నడుచుచున్న ప్రోగ్రాము తనకు కావలసిన భాగములను ముందే మెమొరీలోనికి తెచ్చికొని యుండును. డిస్కుపై క్రొత్త ఫైలు చేరినను అది పాత ప్రతినే వాడుచుండును. ఈ కారణము చేతనే డెబియన్ వారు వెంటనే ‘డెబ్7యు6’ను కూడ వెలువరించి, మరల ప్రారంభింపవలసిన సేవలను చూపు ఏర్పాటు చేసిరి. నేడు ‘నీడ్‌రీస్టార్ట్’ అను సాధనము ఈ పని చేయును. కెర్నెల్ మారినప్పుడు యంత్రమునే ఆపి మరల ప్రారంభింపవలెను.

పాఠశాలలో ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసికొని, సవరణను మొదట ఒక కంప్యూటరులో వేసి, పాఠములకు వలయు ప్రోగ్రాములు నడుచుచున్నవో లేదో చూడవలెను. పిదప అదే దినమున తక్కిన వానిలో వేయవలెను. వేసవి సెలవుల తరువాత గది తెరచినప్పుడు మొదటి పని ఇదియే కావలెను.

చివర ఒక హెచ్చరిక. డెబియన్ విడుదల ఒక్కొక్కదానికి 3 సంవత్సరములు, ఆపై మరి 2 సంవత్సరములు సవరణలు లభించును. గడువు తీరిన యంత్రము కూడ ‘క్రొత్త సవరణలు లేవు’ అనియే చెప్పును. ఆ మాటకు దోషములు లేవని కాదు, చూచువారు లేరని అర్థము. కనుక మీ కంప్యూటరులోని విడుదల పేరును, దాని గడువును నేడే తెలిసికొనుడు.