తుప్పు పట్టినా తుపాకే!
వారసత్వపు పిస్తోలుకు ముందు లైసెన్సు.. తరువాతే మరమ్మతు

పాత లోగిలి పడగొట్టేటప్పుడో, ఆస్తి పంపకాల సమయంలోనో భోషాణం అడుగున గుడ్డలో చుట్టిన చిన్న పిస్తోలు బయటపడుతుంది. 'తాతగారి నాటిది, ఇప్పుడేం పేలుతుంది' అనుకుని కొందరు దానిని తిరిగి అక్కడే ఉంచేస్తారు. మరికొందరు తుప్పు వదిలించి, తోటలో ఓమారు పేల్చి చూడాలని ఉబలాటపడతారు. మొదటి పని జైలుపాలు చేయగలదు. రెండోది ప్రాణాలనే తీయగలదు.

జేబులో ఇమిడే ఆయుధం
20వ శతాబ్దం తొలినాళ్లలో జేబు పిస్తోళ్లకు ఆదరణ పెరిగింది. బెల్జియంకు చెందిన ఎఫ్‌ఎన్‌ సంస్థ తయారుచేసిన 1906 నాటి బ్రౌనింగ్‌ 6.35 మిల్లీమీటర్ల తూటాను పేల్చేది. బ్రిటన్‌కు చెందిన వెబ్లీ అండ్‌ స్కాట్‌ .32 పిస్తోలును లండన్‌ మెట్రోపాలిటన్‌ పోలీసులు 1911లో స్వీకరించారు. పరిమాణం చిన్నదైనా ఇవి ఆటబొమ్మలు కావు.

పాతదైతే మినహాయింపు ఉందా?
అధికుల అపోహ ఇక్కడే. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌ పురాతన, పాడైపోయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్న మాట నిజమే. అయితే మరమ్మతు చేసినా, చేయకున్నా తుపాకీగా పనికిరాని స్థితిలో ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. బాగుచేస్తే పేలే పిస్తోలు ఎంత తుప్పు పట్టినా తుపాకే. లైసెన్సు లేకుండా దానిని ఉంచుకుంటే, 2019 సవరణ ప్రకారం, రెండు నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా తప్పవు.

మరమ్మతు ఎవరి పని?
ఊరి కమ్మరికో, లేతు షాపుకో అప్పగించడం పెద్ద నేరం. తుపాకులను బాగుచేయడానికి, పరీక్షించడానికి 5వ సెక్షన్‌ కింద ప్రత్యేక లైసెన్సు ఉండాలి. ఉల్లంఘిస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడవచ్చు. గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు గుర్తింపు సంఖ్య కూడా చెరిగిపోతుంది. ఆ సంఖ్యను చెరపడాన్ని 8వ సెక్షన్‌ నిషేధిస్తోంది. పైగా అసలు నలుపు పూత పోయి పురాతన విలువ పడిపోతుంది.
లైసెన్సు పొందిన నిపుణుడు మొదట గొట్టం లోపల గుంటలు, ఉబ్బులు ఉన్నాయేమో చూస్తాడు. పైభాగాన పగుళ్లు వెతుకుతాడు. సత్తువ ఉడిగిన స్ప్రింగులను మారుస్తాడు. వెబ్లీ .32లో రీకాయిల్‌ స్ప్రింగు 'వి' ఆకారంలో కుడివైపు పిడిపలక కింద ఉంటుంది. తెలియక పలక ఊడదీస్తే తిరిగి అమర్చడం కష్టం.

పేల్చడం ఎందుకు ప్రమాదం?
అరిగిన భాగాల వల్ల పిస్తోలు కిందపడినా పేలవచ్చు. ఒకసారి మీట నొక్కితే వరుసగా తూటాలు వెలువడవచ్చు. గొట్టంలో అడ్డంకి ఉంటే అది చేతిలోనే బద్దలవుతుంది. పాత తూటాలను అసలు నమ్మరాదు. లైసెన్సు ఉన్నవారైనా వేడుకల్లో నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్చి ఇతరులకు ముప్పు కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

వారసులు చేయవలసిందేమిటి?
* పిస్తోలు కనిపించగానే మీట తాకరాదు. మ్యాగజైన్‌ తీసేసినా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు.
* చేతిలో పట్టుకుని బస్సెక్కకుండా ముందుగా పోలీసుస్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి.
* లైసెన్సుదారు మరణిస్తే 21వ సెక్షన్‌ ప్రకారం వారసులు జాప్యం లేకుండా ఆయుధాన్ని స్టేషన్‌లోగాని, లైసెన్సు గల డీలరు వద్దగాని జమచేయాలి.
* వారసత్వ లైసెన్సు కోసం కలెక్టరుకు, కమిషనరేట్‌ పరిధిలోనైతే పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేయాలి. మిగతా వారసుల అంగీకారం అవసరం.
* లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం పొంది 25 ఏళ్లు గడిచినా జీవించి ఉండగానే వారసుని పేరిట మార్పు కోరవచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి.
* ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. వారసత్వంగా వచ్చినదీ ఈ లెక్కలోకే వస్తుంది.

ఇంటిపెద్ద జీవించి ఉండగానే ఈ కాగితాలు సరిచేసుకుంటే తాతగారి గుర్తు ఇంట్లో నిలుస్తుంది. మనవలు కోర్టు మెట్లు ఎక్కే అవసరం రాదు.