తాడిచెట్టు మీది కాపురములు

పొలము గట్టున ఒంటరిగా నిలిచిన తాడిచెట్టును చూచి, నీడ నియ్యని చెట్టని మనము చులకన చేయుచుందుము. అది నేల మీద నిలిచి చూచువారి తీర్పు. నడుమునకు మోకు బిగించి, 60, 70 అడుగుల ఎత్తునకు దినదినమును ఎక్కి దిగు గీత కార్మికునకు ఆ చెట్టు ఒంటరిది కాదని తెలియును. దాని తల మీద పగటి కాపురములు వేరు, రాత్రి కాపురములు వేరు. మేమిక్కడ చెప్పదలచిన దొక్కటే. చెట్టెక్కువాని క్షేమమునకును, చెట్టు మీది జీవుల క్షేమమునకును మూలమైన మెలకువ ఒకటే. అది కత్తి ఆడించుటకు ముందు కన్ను ఆడించుట.

తాడిచెట్టులో పోతుతాడు వేరు, పండుతాడు వేరు. రెంటినుండియు కల్లు తీయుదురు. గెల కొనను పలుచగా చెక్కి లొట్టి కట్టినచో రసము బొట్టుబొట్టుగా దిగును. గీత ఆరక సాగవలె నన్న దినదినమును గెలను చెక్కుచుండవలెను. ముంజలు కోయుట, ఇంటికప్పునకు ఆకు నరకుట, ఎండిన మట్టలు దింపుట అను పనులు వీనికి తోడు. ప్రతి పనికిని కాలమున్నట్లే చెట్టు మీది జీవులకును కాలమున్నది.

మొదట ఎండుటాకు సంగతి చూతము. మ్రానును అంటి క్రిందికి వ్రేలాడు ఎండుమట్టలు పనికిమాలిన చెత్తవలె కనబడును. కాని సాయంకాలమున తాళ్ల చుట్టు సన్నని కొడవలి రెక్కలతో గిరికీలు కొట్టు చిన్న పక్షులకు ఆ ఆకు అడుగు భాగమే ఇల్లు. ఈకలను, దూదివంటి నూగును తన ఉమ్మితో అతికించి ఈ పక్షి ఆకునకు గూడు కట్టును. గాలికి ఆకు ఊగినను జారిపోకుండ రెండు మూడు గ్రుడ్లను కూడ ఆ ఉమ్మితోనే గూటికి అంటించును. అదే ఎండుటాకుల మడతలలో పురుగులను తిని బ్రదుకు చిన్న గబ్బిలములు పగలు తలదాచుకొనును. రాత్రివేళ అవి మన పైరుల మీది పురుగులను ఏరుకొని తినును. కావున మట్టలు దింపునపుడు అన్నిటిని ఒక్కసారిగా దింపక, చెట్టునకు కొన్నింటినైన విడుచుట మేలు.

ఇక పచ్చియాకు కొనలకు వ్రేలాడు గిజిగాని గూండ్లు ఎరుగని పల్లెవాడు లేడు. వానలు పడి వరిపైరు లేచిన తరువాత మగపక్షి తాటాకు ఈనెలను, వరియాకు పేలికలను చీల్చి తెచ్చి అల్లును. నైరృతి గాలివాన తగులకుండ ఈ గూండ్లు తరచుగా చెట్టునకు తూర్పు ప్రక్కను ఉండును. సగము అల్లిన గూటిని ఆడుపక్షి పరీక్షించును. దానికి నచ్చినచో అల్లిక పూర్తి యగును, నచ్చనిచో గూడు సగములోనే నిలిచిపోవును. మృగశిర కార్తె మొదలుకొని దసరా దాటువరకు గూండ్లున్న ఆకును విడిచి తక్కిన ఆకును కోసినచో మన పనియు ఆగదు, వాని కాపురమును చెడదు.

తల విరిగిన మొండి మ్రాను సంగతి మరియు విచారింపదగినది. తాటికి మొవ్వు ఒక్కటే. అది పోయినచో మరల చిగురింపదు. అట్టి మొండిని వంటచెరకునకు కాని, ఇటుక బట్టీకి కాని తోలుట పరిపాటి. అయితే పాలపిట్ట తనంతట తొఱ్ఱ తొలచుకొనలేదు. ఎండి పుచ్చిన మ్రానులలోని తొఱ్ఱలను వెదకి వేసవిలో పిల్లలను చేయును. రామచిలుకయు, పైడికంటెయు ఇట్టి తొఱ్ఱలనే ఆశ్రయించును. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్రపక్షిగా ప్రకటించినది. దసరానాడు పాలపిట్ట దర్శనమునకై ఊరి వెలుపలకు పోవు మనము, వేసవిలో దాని పురిటిల్లు నరకుట న్యాయము కాదు. ఇంటికిని, బాటకును దూరముగా నున్న మొండి మ్రానును పడువరకు ఉండనిచ్చుట మనకు భారము కాదు.

అపాయము తెచ్చు జీవులును లేకపోలేదు. తేనెపట్టు కాని, కందిరీగల గూడు కాని ఉన్న చెట్టును ఆ దినము విడుచుట వివేకము. నేల మీద నున్నవాడు పరుగెత్తగలడు. మోకులో నున్నవానికి కుట్టిన నొప్పికంటె చేయి జారుటే ప్రాణాంతకము. గీత కార్మికుల కొరకు తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య రక్ష అను పేర రక్షణ సామగ్రి పంచుట ప్రారంభించినది. అట్టి సామగ్రి జారినవానిని కాపాడును. కాని ముందుగా చూచు కన్నునకు బదులు కాజాలదు.

పక్షిగ్రుడ్లకై జెర్రిపోతు చెట్టెక్కును. దానికి విషము లేదు. దానిని చూచి బెదరి పట్టు విడుచుటయే ప్రమాదము. విషము గల రక్తపింజర, కట్లపాము సాధారణముగా నేల మీద, నరికి కుప్ప వేసిన మట్టల క్రింద పొంచియుండును. కుప్పను చేతితో కాక కొంకితో లాగవలెను. కాటు పడినచో గాయమును కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాటు పడిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

రాత్రి వచ్చు అతిథులు కల్లు రుచి మరిగినవారు. మానుపిల్లి లొట్టిలో మూతి పెట్టును. అందుచేతనే ఆంగ్లేయులు దానికి కల్లుపిల్లి యని పేరు పెట్టిరి. పండ్లు తిను పెద్ద గబ్బిలములును గెల నుండి కారు రసమును నాకును. ఇక్కడ జాగ్రత్త అవసరము. బంగ్లాదేశములో 2001 నుండి కనబడుచున్న నిపా వ్యాధికి, గబ్బిలములు ముట్టిన పచ్చి ఈతరసము త్రాగుట ఒక కారణమని తేలినది. ఈ వ్యాధి సోకినవారిలో నూటికి 40 నుండి 75 మంది వరకు మరణింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పులిసిన కల్లు త్రాగినవారికిని అక్కడ ఈ వ్యాధి వచ్చియున్నది. కావున పులుపు రక్ష యని నమ్మరాదు. గెలను, లొట్టి మూతిని వెదురుతడికతో కప్పినచో గబ్బిలము రసమును అందుకొనలేదు. బంగ్లాదేశములో ఈ ఉపాయము ఫలించినది. గబ్బిలములను చంపుట మాత్రము ఉపాయము కాదు. ఇప్ప, బూరుగు వంటి చెట్ల పూవులకు పుప్పొడి మోయునవి అవియే.

తాడి నాటినచో పూతకు వచ్చుటకు 12 మొదలు 20 ఏండ్లు పట్టును. తండ్రి నాటినది కొడుకు గీయును. దానిని నరకుటకు ఒక పూట చాలును. పక్షుల గ్రుడ్లను, గూండ్లను పాడుచేయుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటలో భాగముగానే ఎంచినది. అయితే గట్టు మీది ప్రతి చెట్టు కడను చట్టము కావలి యుండజాలదు. కావలి యుండగలవాడు దానిని ఎక్కువాడే.

ఆ పని మూడు మాటలలో చెప్పవచ్చును. ఎక్కుటకు ముందు చెట్టు చుట్టు తిరిగి చూడవలెను. కత్తి వెనుకతో మ్రానును తట్టి, పైన కదలిక యున్నదేమో కొంచెమాగి వినవలెను. గూడు కనబడిన ఆకును, తొఱ్ఱ కనబడిన మొండిని ఆ ఋతువునకు విడువవలెను. ఇందుకు ఖర్చు లేదు. పట్టు కాలమా, అరగడియ యైన లేదు. ఆ అరగడియ ఓపికతో మోకులోని మనిషి క్షేమముగా నేలకు దిగును, ఆకు క్రింది పిల్లలు క్షేమముగా నింగికి ఎగురును.