రంగుల కూర - కొవ్వు కథ



సంతకు వెళ్తే ఎన్ని రంగులు చూస్తాం! తోటకూర పచ్చగా ఉంటుంది. టమాటా ఎర్రగా ఉంటుంది. గుమ్మడికాయ కోస్తే లోపల పసుపు. వంకాయ, నేరేడు పండు ఊదా రంగు. బీట్‌రూట్ తరిగితే చేతులకే రంగు అంటుకుంటుంది.

ఈ రంగులు చూడడానికేనా? కాదు. ఈ రంగులకూ, మనం తినే నూనెకూ, ఒంట్లో చేరే కొవ్వుకూ సంబంధం ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

లావు అంటే బలమేనా?

"ఆమెకేం, దుక్కలా ఉంది" అంటూ ఉంటాం. లావుగా ఉంటే బలంగా ఉన్నట్టు కాదు. ఒంట్లో కొవ్వు మరీ ఎక్కువైతే షుగరు, బి.పి., గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

2019-21లో ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేయించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు 36 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. తెలంగాణలో సుమారు 30 మంది. అదే సర్వేలో రెండు చోట్లా సగానికి పైగా స్త్రీలకు రక్తం తక్కువని తేలింది.

ఒక పక్క లావు. ఇంకో పక్క రక్తం లేదు. ఇదెలా? మన ఇళ్లలో చూడండి. అందరూ తిన్నాక ఆడది తింటుంది. అప్పటికి గిన్నెలో కూర ఉండదు. అన్నం, పచ్చడి మిగులుతాయి. దాంతోనే కడుపు నింపుకుంటుంది. కడుపు నిండుతుంది. ఒంటికి కావలసినవి అందవు.

కొవ్వు ఎలా అరుగుతుంది?

నూనె నీళ్లలో కలవదు. తలకు నూనె రాసుకుంటే ఉట్టి నీళ్లతో వదలదు. కుంకుడు రసంతో రుద్దితే వదులుతుంది. కడుపులోనూ ఇలాంటి పనే జరుగుతుంది.

మన కాలేయంలో పైత్యరసం తయారవుతుంది. అది పేగులోకి వచ్చి నూనెను చిన్న చిన్న బొట్లుగా విడదీస్తుంది. తర్వాత క్లోమం నుంచి మరో రసం వస్తుంది. అందులో లైపేజ్ అనే పదార్థం ఉంటుంది. అది కత్తెర లాంటిది. నూనె బొట్లను ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలు పేగు గోడ దాటి, చివరికి రక్తంలో కలుస్తాయి.

ఆహారం ఇచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారు. 1 గ్రాము నూనె 9 కేలరీల శక్తినిస్తుంది. అన్నంలో ఉండే పిండి పదార్థం 1 గ్రాముకు 4 కేలరీలే ఇస్తుంది. పనికి ఖర్చు కాగా మిగిలిన శక్తి కొవ్వుగా మారి ఒంట్లో నిలవ ఉంటుంది. నూనె ఎక్కువైనా అంతే. అన్నం ఎక్కువైనా అంతే.

రంగు ఏం చేస్తుంది?

ఆకులోని పచ్చదనాన్ని పత్రహరితం అంటారు. అది కంటికి కనిపించని సన్నని పొరలలో ఉంటుంది. ఈ పొరలు పేగులో నూనె బొట్లకు అతుక్కుంటాయి. అప్పుడు లైపేజ్ కత్తెర తొందరగా పని చేయలేదు. కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది. కడుపు నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. పాలకూర నుంచి ఆ పొరలను వేరు చేసి మనుషులకు ఇచ్చి చూశారు. ఆకలి, తీపి మీద కోరిక కొంత తగ్గినట్టు గమనించారు. అయితే మనం వండే కూరలో ఆ పొరలు అంత చిక్కగా ఉండవు. పైగా కొవ్వు అరగడం ఆలస్యమవుతుంది, అంతే. ఆగిపోదు.

నేరేడు, నల్లద్రాక్షలోని ఊదా రంగు కూడా లైపేజ్‌ను కొంత అడ్డుకుంటుందని గాజు గొట్టాలలో చేసిన పరీక్షల్లో కనిపించింది. గాజు గొట్టంలో జరిగిందంతా మన కడుపులో అలాగే జరుగుతుందని చెప్పలేం.

అందుకే "ఈ పొడి తాగితే కొవ్వు కరిగిపోతుంది" అని ఎవరైనా వస్తే నమ్మి డబ్బు పోసుకోకండి. ఆ డబ్బుతో ఎన్ని కట్టల ఆకుకూర వస్తుందో లెక్క వేయండి. కూరలో నీరు, పీచు ఎక్కువ. కేలరీలు తక్కువ. కంచంలో కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది. అసలు లాభం అక్కడే ఉంది.

మరి నూనె పూర్తిగా మానేయాలా?

వద్దు. క్యారెట్, బొప్పాయి, మామిడి పండులోని పసుపు రంగును కెరోటిన్ అంటారు. మునగాకు, తోటకూరలోనూ అది ఉంది. పచ్చదనం చాటున దాగి ఉంటుంది. మన ఒళ్లు దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. విటమిన్ ఎ చాలకపోతే రేచీకటి వస్తుంది.

ఈ కెరోటిన్ నూనెలోనే కరుగుతుంది. కాస్త నూనె లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. పప్పులో ఆకుకూర వేసి, కొద్ది నూనెతో పోపు పెట్టే మన పెద్దవాళ్ల పద్ధతి మంచిదే. పోపుకు చెంచా నూనె చాలు. గరిటెలతో పోయనక్కరలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్లు రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినాలి. నూనె 27 గ్రాములు చాలు. అంటే సుమారు 6 చిన్న చెంచాలు.

ఒక్క మాట. జిలేబీ, మిఠాయిలలో కలిపే రంగుకూ ఈ రంగులకూ సంబంధం లేదు. అది డబ్బాలో రంగు. ఇది చెట్టు ఇచ్చిన రంగు.

గుర్తుంచుకుందాం

1. రోజూ రెండు మూడు రంగుల కూరలు తిందాం.
2. కూర పెంచుదాం. అన్నం, నూనె తగ్గిద్దాం.
3. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయవద్దు. చారులో వాడుకుందాం.
4. ఇంట్లో ఆడవాళ్ల వాటా కూర ముందే తీసి ఉంచుదాం.

మాట్లాడుకుందాం

నిన్న మీ కంచంలో ఎన్ని రంగులు ఉన్నాయి?
మీ ఇంట్లో నెలకు ఎంత నూనె వాడతారు? తలకు ఎంత వస్తుంది?
మీ పెరట్లో ఏ ఆకుకూరలు పెంచవచ్చు? పేర్లు పలక మీద రాయండి.