బ్రేకు పెడలు బిగిసిన పాత కారు



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి తీసికొనినవాడను. పంచకావ్యములు వల్లించినవానికి కారు బ్రేకులతో పనియేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మా యింట నొక పాత అంబాసిడరు కలదు. ఉత్తరపారా కర్మాగారమున ఆ కార్ల నిర్మాణము 2014లో ఆగిపోయెను. అయినను మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములందు పెండ్లిండ్లకును, పెనుగంచిప్రోలు మ్రొక్కుబళ్లకును ఏదో యొక పాత కారు ఇంకను అక్కరకు వచ్చుచునే యున్నది. వానిని నడపువారు మన మనుమలు, వెనుక సీటున కూర్చుండువారము మనము. కావున ఈ సంగతి మనకును తెలిసియుండుట మంచిది.

ఒక వేసవిలో జగ్గయ్యపేటలో శుభకార్యము చూచుకొని నందిగామకు మరలుచుంటిని. చిల్లకల్లు వద్ద పెద్ద రహదారి నెక్కి కొంత దూరము వచ్చునప్పటికి ముందు పోవుచున్న సిమెంటు లారీ వేగము తగ్గించెను. బ్రేకు త్రొక్కితిని. పెడలు రాతివలె నిలిచెను. ఉన్న బలమంతయు పెట్టి, రెండు కాళ్లతో నదిమిన పిమ్మట బండి లారీకి మూరెడు దూరమున ఆగినది. మా ఇల్లాలు ఆనాడు మరి మాటాడలేదు.

మరునాడు ఒక షెడ్డుకు తీసికొనిపోగా, అచటి పనివాడు బండి యేమి చేయుచున్నదని యడుగకయే "మాస్టరు సిలిండరు పోయినది" అని దానిని మార్చెను. డబ్బు పోయినది గాని బిగువు పోలేదు. రెండవచోట ఒక వృద్ధ మెకానిక్కు నన్ను మొదట ప్రశ్నలడిగెను. పెడలు లోనికి దిగుచున్నదా, బిగియుచున్నదా? యంత్రము నిలిచి తిరుగునప్పుడు వణకుచున్నదా? మన వైద్యశాస్త్రమున దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు పరీక్షలు చెప్పబడినవి గదా. ఆతడు ఆ శాస్త్రము చదువలేదు గాని ఆ క్రమమునే అనుసరించెను. యంత్రము వారము దినములుగా వణకుచున్న మాట నిజమే. దానికిని బ్రేకునకును సంబంధముండునని నేను తలపలేదు.

ఆ సంబంధమేమో చెప్పెదను. కాలితో త్రొక్కిన బలము మాత్రమే బండిని ఆపుటకు చాలదు. అందుచే పెడలుకును మాస్టరు సిలిండరుకును నడుమ బూస్టరు అను గుండ్రని రేకు డబ్బా నుంచుదురు. మరీ పాతబండ్లలో ఇది లేదు. వాని పెడలు స్వభావముచేతనే బరువుగా నుండును, అది రోగము కాదు. బూస్టరు నడుమ రబ్బరు పొర యొకటి యుండును. పెట్రోలు యంత్రము గాలిని పీల్చునప్పుడు, యాక్సిలరేటరు వదలియున్నచో గాలిద్వారము దాదాపు మూసికొనియుండును గనుక, లోపల గాలి పలుచనగును. ఆ వెలితిని ఒక రబ్బరు గొట్టము బూస్టరుకు చేర్చును. పెడలు త్రొక్కగానే పొరకు ఈవల వైపున బయటి గాలి ప్రవేశించి దానిని ముందుకు నెట్టును. డీజిలు బండ్లలో ఇట్టి వెలితి తనంతట కలుగదు గనుక దానికై వేరుగా నొక పంపు నమర్తురు.

గాలికి అంత బలమా యని యందురేమో. చదరపు సెంటీమీటరు ఒక్కంటికి గాలి నొత్తిడి సుమారు ఒక కిలోగ్రాము. ఇరువది సెంటీమీటర్ల వ్యాసముగల పొర వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. వెలితి మూడింట రెండు వంతులే యనుకొన్నను, రెండువందల కిలోల బలము మన కాలికి తోడగును. పదునేడవ శతాబ్దమున జర్మను దేశీయుడు ఓట్టో వాన్ గెరికె రెండు అర్ధగోళములను జేర్చి, లోని గాలిని తోడివేసి, ఇరువైపుల గుర్రములను కట్టి లాగించి, అవి విడివడకుండుట జనులకు చూపెను. ఆ బలమే మన పాదముక్రింద పనిచేయుచున్నది. ఆ గొట్టము చీలినచో వెలితి నిలువదు, పెడలు బిగియును. చీలికగుండ అదనపు గాలి యంత్రములోనికి పోవును గనుక యంత్రము వణకును. కారణ మొకటియే, లక్షణములు రెండు.

ఇక పరీక్ష. బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రలులో నుంచవలెను. యంత్రము నాపి పెడలును అయిదారు మారులు త్రొక్కినచో నిలువయున్న వెలితి తీరిపోయి పెడలు గట్టిపడును. అట్లు త్రొక్కిపట్టియే యంత్రమును స్టార్టు చేయవలెను. పెడలు పాదముక్రింద కొంచెము దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో దోషము బూస్టరులోనో, గొట్టములోనో, నడుమనున్న వాల్వులోనో కలదు. మనము తర్కమున చెప్పుకొను అన్వయ వ్యతిరేకములు ఇవియే: యంత్రము తిరిగిన సాయమున్నది, ఆగిన సాయము లేదు. త్రొక్కునప్పుడు పెడలు దగ్గర విడువక బుసకొట్టు చప్పుడు వినవచ్చెనా, లోని పొర చినిగియుండును. గొట్టమును వంచి చూచిన, వేడికి ఎండిన రబ్బరున సన్నని బీటలు కనబడును. కొన్ని గొట్టములు పైకి బాగుగనే యుండి లోపల కుంచించుకొనిపోవును. అట్టివి కంటికి చిక్కవు.

పెడలు దిగినను బండి ఆగనిచో దోషము చక్రముల వైపున వెదకవలెను. కొంతదూరము నడిపి, దిగి, ఒక్కొక్క చక్రమువద్ద అరచేయి నుంచవలెను. తాకరాదు, సెగ మాత్రమే చూడవలెను. ఒకటి మిక్కిలి కాగియున్నచో అచటి పిస్టను త్రుప్పుతో పట్టివేసినదనియో, చక్రమునకు పోవు గొట్టము లోపల పూడినదనియో తలంపవలెను. 2024 సెప్టెంబరు మొదట మున్నేటి వరద ఐతవరము వద్ద రహదారిపైకి వచ్చి రాకపోకలు నిలిచిన సంగతి మీరెరిగినదే. అట్టి నీటిలో నిలిచిన బండ్లకు ఈ త్రుప్పు కొన్ని నెలలకు గాని బయటపడకపోవచ్చును.

ఇచట మాటవలని ప్రమాద మొకటి కలదు. మనవారు బ్రేకు ద్రవమును "బ్రేకు ఆయిలు" అందురు. ఆ పేరును నమ్మి యంత్రపు నూనెను దానిలో పోసినవారు కలరు. ఆ నూనె తగిలిన రబ్బరు బిళ్లలు ఉబ్బి, బ్రేకులు విడువకుండ బిగియును. అప్పుడు రబ్బరు సామగ్రి యంతయు మార్చవలసివచ్చును. డబ్బాపై డాట్ 3 అనియో, డాట్ 4 అనియో, కారు తయారుచేసినవారు చెప్పినట్టిది ఉన్నదే పోయవలెను. అది గాలిలోని తేమను పీల్చును గనుక సాధారణముగా రెండేండ్లకొకమారు మార్చుట వాడుక.

నా కన్నిటికంటె భయమును గలిగించునది వేరొకటి. పెట్రోలు మిగులునని పల్లమున యంత్రము నాపి బండిని జార్చు అలవాటు మనవారిలో కలదు. నేనును పడుచుతనమున చేసితిని. యంత్రము ఆగిన పిదప రెండు మూడు త్రొక్కుళ్లకు మాత్రమే వెలితి మిగులును. నాలుగవదానికి చిల్లకల్లు దారిలో నాకు దొరకిన రాయియే దొరకును. మిగిలిన పెట్రోలు గరిటెడు కూడ నుండదు. మనుమడట్లు చేయబోయినచో వెనుక సీటునుండి గట్టిగా వారింపుడు, చిన్నబుచ్చుకొన్నను పరవాలేదు.

దారిలో పెడలు బిగిసినచో మాటిమాటికి త్రొక్కి వదలరాదు, ఉన్న కొద్ది సాయమును తీరిపోవును. ఒకేమారు బలముగా త్రొక్కి పట్టవలెను. గేరును క్రమముగా తగ్గింపవలెను. చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగవలెను. అది వేరు తీగతో పనిచేయును గనుక బూస్టరు చెడినను చెడదు.

నా బండికి ఆ వృద్ధుడు మార్చినది జానెడు గొట్టము మాత్రమే. స్టార్టు చేయగానే పెడలు పాదముక్రింద దిగినది, యంత్రపు వణకును నిలిచినది. చీలిన పాత ముక్కను అడిగి తెచ్చి మా యింటి గూటిలో నుంచితిని. పాత కారు కొన్న పిల్లవాడెవడైన వచ్చినప్పుడు దానిని వంచి, ఆ బీటను వాని వ్రేలితోనే తడిమించుచుందును.