బంగారు తీగ ఎక్కడిది?

సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో మోతె వస్తుంది. ఆ చుట్టుపక్కల ఏ చెరువు దగ్గరైనా వల లాగే రోజు కట్ట మీద నిలబడి చూడండి. బొచ్చె, రవ్వ, మోసుతో పాటు పసుపు మెరుపుతో, మూతికి రెండు జతల చిన్న మీసాలతో ఇంకో చేప పడుతుంది. అదే బంగారు తీగ. పుస్తకాల్లో కామన్ కార్ప్, శాస్త్రీయ నామం సిప్రినస్ కార్పియో. పేరు వింటే తాతల కాలం నుంచి మన చెరువుల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది కదా? కాదు. ఇది వలస వచ్చిన చేప.

ఒక రకం 1939లో శ్రీలంక మీదుగా నీలగిరి కొండలకు చేరింది. మరో రకాన్ని 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు తెచ్చారు. మైదానాల చెరువుల్లో విస్తరించింది ఈ రెండోదే. 1959లో గడ్డి చేప, సిల్వర్ కార్ప్ కూడా వచ్చాయి. పైనీటిలో తినేవి, మధ్యలో తినేవి, అడుగున తినేవి కలిపి ఒకే చెరువులో వేస్తే దిగుబడి పెరుగుతుందన్నది లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు. మన పల్లెల్లో చవకగా చేప దొరకడానికి అదీ ఒక కారణం.

మరి తేడా ఎక్కడొచ్చింది? పిల్లలు పెట్టడంలో. బొచ్చె, రవ్వ నిలిచిన నీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు. వాటికి వరద పారాలి, లేదంటే హేచరీలో హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. బంగారు తీగకు ఆ అవసరం లేదు. చెరువులో కాస్త నాచు, నీటి మొక్కలు ఉంటే చాలు, వాటికే గుడ్లు అంటిస్తుంది. కిలో బరువున్న ఆడచేప లక్ష గుడ్ల దాకా పెడుతుంది. పైగా అడుగు బురదను నోటితో పీల్చి, తినేది మింగి, మిగతాది ఉమ్మేస్తుంది. నీళ్లు మడ్డిగా మారతాయి, వెలుతురు లోపలికి దిగదు, మొక్కలు వేళ్లతో సహా లేచిపోతాయి. ఆ మొక్కల మధ్య బతికే చిన్న చేపలకు చోటు ఉండదు. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల ఐయూసీఎన్ జాబితాలో దీని పేరుంది. విచిత్రం ఏంటంటే, తన సొంత నీళ్లలో సహజంగా బతికే అసలు కామన్ కార్ప్‌ను అదే ఐయూసీఎన్ ముప్పులో ఉన్న జాతిగా లెక్కగట్టింది. గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఈ రెండో ముక్క కూడా గుర్తుపెట్టుకోండి.

మన దేశంలోనే ఉదాహరణలున్నాయి. కామన్ కార్ప్ వచ్చాక కశ్మీర్ దాల్ సరస్సులో స్థానిక స్నో ట్రౌట్ తగ్గిపోయింది. 1971లో వరదకు ఒక చేపల ఫారం నుంచి సిల్వర్ కార్ప్ కొట్టుకొచ్చి హిమాచల్‌లోని గోవింద్‌సాగర్ జలాశయంలో పడింది. తర్వాత అక్కడ అదే పెద్దదిక్కు అయింది, బొచ్చె వెనకబడింది.

"వరదకు కొట్టుకొచ్చి" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నుంచి వాగుకు పోతాయి. పాలేరు, మూసీ రెండూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి. మూసీ సంగమం మిర్యాలగూడ దగ్గరి వాడపల్లిలోనే. 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకంలో బంగారు తీగను ఎక్కువగా ఎండాకాలం ఎండిపోయే చెరువులకు ఇస్తారు. అది తెలివైన పనే. చెరువు ఎండితే అందులోని చేప కథా ముగుస్తుంది. కానీ ఎస్సారెస్పీ రెండో దశ కాలువలు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందే చోట చెరువు ఏడాది పొడవునా నిండి ఉంటే? అప్పుడు మనం వేసిన పిల్లలే కాదు, వాటి పిల్లలు కూడా ఉంటాయి. అందుకని రేపే ఆపేయాలని నేననను. మత్స్య సహకార సంఘాల్లోని కుటుంబాల ఆదాయం ఇందులో ఉంది. ఏ చెరువులో వేయాలి, మత్తడి దగ్గర జాలీ ఉందా అన్నది మాత్రం ఎవరో ఒకరు లెక్కగట్టాలి. కొర్రమట్టను రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం మరి, దానికీ చోటు మిగలాలి.

ఆ లెక్కగట్టే పనే ఇప్పుడు ఉద్యోగం అవుతోంది. చెరువుల్లో నాచు తింటుందని 1963లో గడ్డి చేపను, 1970ల్లో సిల్వర్ కార్ప్‌ను తెచ్చుకున్న అమెరికా, ఇప్పుడు అవి గ్రేట్ లేక్స్‌లోకి పోకుండా షికాగో దగ్గర కాలువలో కరెంటు కంచె నడుపుతోంది. ఇది ఎలక్ట్రికల్ ఇంజినీర్ల పని. ఆస్ట్రేలియా వాళ్లది ఇంకా నచ్చింది నాకు. కార్ప్‌కు అడ్డం వస్తే ఎగిరే అలవాటుంది, అక్కడి స్థానిక చేపలకు లేదు. ఆ ఒక్క తేడాతో కార్ప్ తనంతట తానే ఎగిరి పడే బోను తయారుచేశారు. కరెంటు లేదు, కెమెరా లేదు. మెకానికల్ వాళ్లూ, వింటున్నారా?

బయోటెక్ వాళ్లకు ఈ-డీఎన్ఏ ఉంది. చేపను పట్టక్కర్లేదు, నీటిలో అది వదిలిన కణాల డీఎన్ఏ చూసి ఉనికి పట్టేస్తారు. హైదరాబాద్ సీసీఎంబీలోని లాకోన్స్ శాస్త్రవేత్తలు చిలికా సరస్సు నీటిపై ఇలాంటి పద్ధతినే ప్రయత్నించారు. ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే బీఎఫ్ఎస్సీ గురించి చెప్పండి. వనపర్తి జిల్లా పెబ్బేరులో, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీలున్నాయి. పైచదువుకు ముంబైలో సీఐఎఫ్ఈ ఉంది. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు మన హైదరాబాద్‌లోనే.

ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదా? ఏడాదంతా నీళ్లుండే చెరువొకటి, ఎండిపోయే చెరువొకటి ఎంచుకోండి. నలుపు తెలుపు రంగులేసిన పళ్లేన్ని తాడు కట్టి నీళ్లలోకి దించి, ఎంత లోతులో కనిపించకుండా పోతుందో నెలనెలా రాసుకోండి. దాన్నే సెక్కీ డిస్క్ అంటారు. వల లాగే రోజు సంఘం పెద్దను అడిగి బంగారు తీగను విడిగా తూకం వేయండి. అరచేతి కన్నా చిన్న బంగారు తీగలు, పిల్లలు వదలని నెలల్లో కూడా పడుతున్నాయేమో ప్రత్యేకంగా చూడండి. పడుతున్నాయంటే అవి ఆ చెరువులో పుట్టినవే.