పాలెములు, పేటలు: ఇస్కందరియా తీరం – అనకాపల్లి తీరం

మధ్యధరా సముద్రపు ఒడ్డున ఇస్కందరియా (అలెగ్జాండ్రియా) నగరం నుండి తీరం వెంట తూర్పుగా పోయేవారికి సీదీ జాబిర్, సీదీ బిషర్ అనే పేటలు తగులుతాయి. అరబ్బీ వాడుకలో 'సీదీ' అనగా 'నా స్వామి'. అక్కడ వెలసిన మహనీయుని పేరే పేటకు పేరైంది. అనకాపల్లి నుండి దక్షిణంగా సముద్రం వైపు పోతే పరవాడ మండలంలో ముత్యాలమ్మపాలెం, ఎస్. రాయవరం మండలంలో బంగారమ్మపాలెం ఉన్నవి. ఇక్కడ ఊరికి అమ్మవారి పేరు. మతాలు వేరైనను అలల మీద బ్రతికే జనం ఊరి పేర్లు పెట్టుకొన్న తీరు ఒక్కటే.

ఇస్కందరియాలో బెస్తల పేట అన్ఫూషీ. చేపల బజారు, పడవలు చేసే చోట్లు అక్కడే. దాని చేరువనే అబుల్ అబ్బాస్ అల్ ముర్సీ మసీదు గలదు. ఆయన అందులూసియాలోని ముర్సియా నగరంలో జన్మించి, ఈజిప్టు చేరి, షాజలీ మార్గానికి పెద్దయై, హిజ్రీ 686 (క్రీ.శ. 1287)లో పరమపదించినారు. బెస్తలకు ఆయన పెద్దదిక్కు.

ఇటువంటి దిక్కు మన తీరానికీ ఉన్నది. విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు కొండలు ప్రక్క ప్రక్కనే ఉంటాయి. ఒకదానిపై చర్చి, మరొకదానిపై వేంకటేశ్వరాలయం, వేరొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా ఔలియా దర్గా. బంగాళాఖాతపు గాలివానలు ఆయన అదుపులో ఉంటాయని నావికులు నమ్మేవారు. రేవులోకి వచ్చే ఓడ, పోయే ఓడ జెండాను మూడుసార్లు ఎత్తి దించి సలాము చేసేదని, యాత్ర క్షేమంగా ముగిసిన హిందూ ఓడ యజమానులు వెండితో చేయించిన చిన్న దోనెలను సమర్పించేవారని జిల్లాను గూర్చి ఆంగ్లేయ అధికారులు కూర్చిన గ్రంథాలలో కానవస్తుంది. సమాధుల వద్ద మొక్కుబడుల విషయమై ఉలమాలలో భేదాభిప్రాయాలు కలవు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఆ వెండి దోనెలు ఇచ్చినవారు ముస్లిములు కారన్నదే గమనింపదగిన సంగతి.

అయితే పాలకులు మాత్రం ఒడ్డున నిలువలేదు. క్రీ.శ. 641-42లో ఇస్కందరియా వశమైన పిదప అమ్ర్ ఇబ్నుల్ ఆస్ దానినే రాజధానిగా చేయదలచగా, తనకూ సైన్యానికీ నడుమ నీరు అడ్డు రారాదని ఖలీఫా ఉమర్ వారించినారని, అందుచే నైలు ఒడ్డున ఫుస్తాత్ వెలసిందని చరిత్రకారులు చెప్పుదురు. ఇక్కడ గోలకొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించినది శ్రీకాకుళంలో. ఆ చికాకోల్ సర్కారులో ఒక విభాగానికి ముఖ్యస్థానమైన కశింకోట అనకాపల్లి చెంతనే, మెరక భూమిలో ఉన్నది. 1758లో కర్నల్ ఫోర్డ్ విశాఖలో ఓడ దిగి, విజయనగరం ఆనందరాజును కలిసికొన్నది ఆ కశింకోటలోనే.

ఈ పోలికను మరీ సాగదీయరాదు. ఉమర్ ఆలోచన సైన్యం గూర్చినది. కశింకోట సంగతి పంటకూ శిస్తుకూ సంబంధించినది. పైగా ఈ తీరాన పెద్ద ఓడలు ఒడ్డుకు చేరే వీలు అప్పట్లో లేదు. 1933లో విశాఖ రేవు తెరిచేవరకు ఓడలు దూరాన లంగరు వేసేవి; పలకలను తాళ్ళతో కుట్టిన పడవలు సరుకును అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. చెక్కపడవ మేకులు సడలి విడిపోయే చోట ఈ కుట్టు పడవ అలకు వంగి నిలుస్తుంది. ఆ పడవను నడిపే నేర్పు పాలెములవారిది. ఫౌజుదారుకు గానీ, డచ్చి, ఆంగ్లేయ వర్తకులకు గానీ వారు లేనిదే ఓడ సరుకు ఒడ్డెక్కేది కాదు. అయినను సర్కారు చరిత్రలలో వారి ప్రస్తావన అరుదు.

ఆ ఒడ్డు ఇప్పుడు కరిగిపోతున్నది. 2009లో తెరిచిన గంగవరం ఓడరేవు కొరకు దిబ్బపాలెం బెస్తలు చోటు వదలవలసి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, పూడిమడక వద్ద గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికీ, నక్కపల్లి వద్ద మందుల పార్కుకూ 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఇసుకపైకి పడవ లాగికొనే చోటు, వల ఆరబెట్టే చోటు బెస్తవానికి పొలము వంటివి. కాని వాటికి పట్టా ఉండదు. భూమి పోయిన రైతుకు ఎకరం లెక్కన పరిహారం కట్టగలరు; ఒడ్డు పోయినవానికి ఏ కొలతతో కట్టాలో పూడిమడకవారూ, రాజయ్యపేటవారూ అడుగుతున్నారు.