జూడియోకి జనం... పట్టుకి ముహూర్తం!

ఇంట్లో పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు వెళ్లాలంటే ఆ హడావుడే వేరు. అమ్మ, పిన్ని, పెద్దమ్మ, మేనత్త... అందరూ రావాల్సిందే. ఎవర్ని వదిలేసి వెళ్లినా అలకలు తప్పవు. కొట్లో తెల్లటి పరుపు మీద అందరూ సర్దుకుని కూర్చుంటే ఎదురుగా సేల్స్‌మన్ ఒక్కో చీరా విప్పి పరుస్తుంటాడు. ‘ఆ చిలకపచ్చకి ఎర్రంచు ఉందే, అదిలా తియ్యి బాబూ’, ‘ఇదే డిజైన్లో ఇంకాస్త తక్కువ ధరలో లేదా?’ మధ్యలో కూల్‌డ్రింకులు. పొద్దున పదింటికి వెళ్లినవాళ్లు దీపాలు పెట్టేవేళకి సంచులతో బయటపడతారు.

అదే ఇంట్లో కాలేజీకి వెళ్లే అమ్మాయి ఉంది. సాయంత్రం స్నేహితురాలి పుట్టినరోజు. బస్సు దిగి వస్తూ దారిలో కనిపించిన షాపులోకి దూరింది. రెండు టాప్‌లు, ఓ గోళ్లరంగు సీసా. పావుగంటలో పని అయిపోయింది. బిల్లు వెయ్యి దాటలేదు. ఆమెకు ఎవరూ ఏమీ విప్పి చూపించలేదు, ఆమె ఎవరినీ బేరమాడలేదు.

ఈ రెండింట్లో పెద్ద బిల్లు ఏదంటే చీరదేనని చిన్నపిల్లాడైనా చెబుతాడు. కానీ పెద్ద వ్యాపారం ఏదో తెలుసా? పావుగంటలో అయిపోయిందే... అది!

లాక్మే అమ్మి... బట్టలు కొని!

ఆ పావుగంట వ్యాపారంలో ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు జూడియో. దాని వెనకున్న కథ మాత్రం కాటుక, లిప్‌స్టిక్‌లతో మొదలైంది. 1998లో టాటాలు తమ లాక్మే సౌందర్య సాధనాల వ్యాపారాన్ని హిందుస్థాన్ లీవర్‌కి అమ్మేశారు. లాక్మేను పెంచి పెద్దచేసిన సిమోన్ టాటాయే కొత్త ప్రయోగానికీ పూనుకున్నారు. బెంగళూరులో లిటిల్‌వుడ్స్ అనే బ్రిటిష్ సంస్థ నడుపుతున్న దుకాణాన్ని కొని దానికి వెస్ట్‌సైడ్ అని పేరు పెట్టారు. కంపెనీ పేరు ట్రెంట్. అప్పటికి మన ఊళ్లలో రెడీమేడ్ షాపంటే నాలుగైదు కంపెనీల చొక్కాలు ఒకేచోట దొరికేది. వీళ్లు మాత్రం సొంత పేరు మీద కుట్టించిన బట్టలనే అమ్మడం మొదలుపెట్టారు. మధ్యలో ఇంకో కంపెనీ లేదు కాబట్టి దాని లాభమూ లేదు.

2016లో అదే సూత్రాన్ని ఇంకా కిందికి దించారు. అదే జూడియో. ఏ బట్ట తీసినా వెయ్యి లోపే. టీవీలో ప్రకటన ఉండదు, హోర్డింగ్ మీద హీరోయిన్ ఉండదు. అందరూ ఆన్‌లైన్ అని పరుగులు పెడుతుంటే అదీ లేదు. కావాలంటే షాపుకి రావాల్సిందే. నచ్చిన రంగు వచ్చేవారానికి ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి పిల్లలు ‘మళ్లీ చూద్దాంలే’ అనుకోరు. ఇక్కడే ఉంది కిటుకంతా.

ఫలితం? 2019-20లో ట్రెంట్ అమ్మకాలు రూ.3,178 కోట్లు. మధ్యలో కరోనా దెబ్బ కొట్టింది. అయినా 2024-25 వచ్చేసరికి అవి రూ.16,997 కోట్లకు చేరాయి. అయిదేళ్లలో అయిదింతలకు పైనే. 2024 సెప్టెంబరు 30న ఆ కంపెనీ నిఫ్టీ-50 జాబితాలోకి వెళ్లింది. అప్పుడు చోటు ఖాళీ చేసిన రెండు కంపెనీల్లో మన హైదరాబాద్ మందుల కంపెనీ దివీస్ ఒకటి.

ఇది చూసి మిగతావాళ్లు ఊరుకుంటారా... రిలయన్స్ 2023 ఆగస్టులో యూస్టా పేరుతో రంగంలోకి దిగింది. అన్నీ రూ.999 లోపు, ఎక్కువ భాగం రూ.499 లోపు. దాని మొట్టమొదటి షాపు తెరిచింది ముంబయిలో కాదు, హైదరాబాద్ కొండాపూర్‌లోని శరత్ సిటీ మాల్లో. జేబులో కాసిని డబ్బులున్న కుర్రకారు ఎక్కడున్నారో వ్యాపారులకు బాగా తెలుసు మరి.

పెళ్లికొడుకుల కంపెనీ

ఇక అటువైపు చూద్దాం. పెళ్లికొడుకు షేర్వాణీ అనగానే గుర్తొచ్చే మాన్యవర్‌ది కోల్‌కతా. దాని యజమాని వేదాంత్ ఫ్యాషన్స్ 2022 ఫిబ్రవరిలో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. హైదరాబాదీలు ఒకప్పుడు పెళ్లిబట్టలకు వెళ్లిన మెబాజ్ గుర్తుందా? 2017లో దాన్ని కొనేసింది కూడా ఈ కంపెనీయే. 2022-23లో దీని అమ్మకాలు దాదాపు రూ.1,355 కోట్లు. రెండేళ్ల తర్వాత... రూ.1,386 కోట్లు. రెండేళ్లలో పెరిగింది నూటికి రెండు రూపాయల పైచిలుకు!

మన పట్టుచీరల సంగతి? సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చిన చలవాది ప్రసాద్ 2005లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కళామందిర్ ఇవాళ మందిర్, వరమహాలక్ష్మి, కేఎల్ఎం ఫ్యాషన్ మాల్ అంటూ నాలుగు రకాల షాపులైంది. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీ జనం దగ్గర షేర్ల రూపంలో రూ.1,201 కోట్లు సమీకరించే ఇష్యూకు వచ్చింది. చీరల కొట్టు అంత పెద్ద ఇష్యూకు రావడం అప్పట్లో పెద్ద వార్తే. దాని అమ్మకాలు 2022-23లో రూ.1,351 కోట్లు, 2024-25లో సుమారు రూ.1,462 కోట్లు. రెండేళ్లలో ఎనిమిది శాతం. అదే రెండేళ్లలో ట్రెంట్ రూ.7,715 కోట్ల నుంచి రెట్టింపు దాటిపోయింది.

నగరం బట్టలైతే చాలు అమ్ముడుపోతాయనుకుంటే మాత్రం పొరపాటే. స్పెయిన్ బ్రాండ్ జారాని మనదేశంలో నడిపే కంపెనీలోనూ ట్రెంట్‌కి భాగం ఉంది. దాని అమ్మకాలు 2024-25లో రూ.2,780 కోట్ల దగ్గరే దాదాపు ఆగిపోయాయి. అంటే నడుస్తున్నది ఫ్యాషన్ ఒక్కటే కాదు, ధర కూడా.

మూఢం వస్తే...

చీరలకు, షేర్వాణీలకు మరో కష్టం ఉంది. అది ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ ఉండదు. పంచాంగంలో ఉంటుంది! 2024 వేసవి గుర్తుచేసుకోండి. ఏప్రిల్ చివర్లో శుక్ర మూఢమి వచ్చిపడింది. దానికితోడు మేలో గురు మూఢమి. జులై మొదటివారం దాకా ముహూర్తాల్లేవు. ఫంక్షన్ హాళ్లు బోసిపోయాయి. బాజాభజంత్రీలవాళ్ల నుంచి క్యాటరింగ్ వాళ్ల దాకా అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఎండాకాలం పెళ్లిళ్ల మీదే ఆశలు పెట్టుకున్న బట్టల కంపెనీలకు ఆ మూడునెలలూ కలిసిరాలేదు. ఇటు జూడియో టీషర్టుకేమో మూఢమీ లేదు, ఆషాఢమూ లేదు. వానొస్తే వానకో రకం.

అయితే ఇలా పోల్చడం పూర్తిగా న్యాయం కూడా కాదు. రోజూ తినే ఇడ్లీకీ పెళ్లి భోజనానికీ పోటీ పెడితే లెక్కల్లో ఇడ్లీయే గెలుస్తుంది కదా! పైగా బీసెంట్ రోడ్డులోనో జనరల్ బజార్‌లోనో మూడుతరాలుగా నడుస్తున్న కొట్ల లెక్కలేవీ ఈ కంపెనీల పుస్తకాల్లో లేవు.

ఇంకో సంగతి కూడా చూడాలి. 2023 మార్చిలో 352 జూడియో షాపులుంటే 2025 మార్చికి 765 అయ్యాయి. షాపులూ రెండింతల పైన, అమ్మకాలూ రెండింతల పైన. కొత్తగా తెరిచిన తలుపులే చాలావరకు ఈ పెరుగుదలకు మూలమన్నమాట. అందుకేనేమో 2025-26 మొదటి మూడునెలల్లో ట్రెంట్ వేగం 20 శాతానికి, తర్వాతి మూడునెలల్లో 17 శాతం దగ్గరికి తగ్గగానే మార్కెట్ మొహం చాటేసింది. మిగతా కంపెనీలు ఆ మాత్రం పెరిగితే పండగ చేసుకుంటాయి.

ఇక లాభానికి వస్తే కథ తిరగబడుతుంది. 2024-25లో ట్రెంట్ నికరలాభం రూ.1,585 కోట్లు. అంటే వందరూపాయల బట్టలమ్మితే మిగిలేది తొమ్మిది చిల్లర. మాన్యవర్ కంపెనీకి మిగిలింది రూ.388 కోట్లు. వందకు 28! పెళ్లికొడుకు తరఫువాళ్లు బేరమాడరన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు.

మగ్గం దాకా వెళ్తే

కంపెనీల లాభనష్టాల సంగతి షేర్లు కొన్నవాళ్లు చూసుకుంటారు. ఈ మార్పు అసలు తగిలేది మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు. 2009-10లో జరిగిన చేనేత గణనలో నేతపనివాళ్లు, అనుబంధ పనులు చేసేవాళ్లు కలిపి దేశంలో 43 లక్షల మందికి పైనే. 2019-20 గణనకు ఆ సంఖ్య 35.22 లక్షలు. నేసేవాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. ప్రతి మూడు నేత కుటుంబాల్లో దాదాపు రెండింటి నెలసరి ఆదాయం అయిదువేల లోపేనని ఆ గణనే తేల్చింది. నెలంతా ఇంటిల్లిపాదీ కష్టపడితే వచ్చేది అది. మాల్లో అయిదు టాప్‌ల ధర!

పోచంపల్లి ఇక్కత్ సంగతే తీసుకోండి. ఇందులో నేతకు ముందే సగం కష్టం అయిపోతుంది. నూలుకి చిటికీ కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, విప్పి మళ్లీ కట్టాలి. చీర మీద కనిపించే పువ్వు మగ్గమెక్కకముందే దారం మీద ఉండాలి. అంతకంటే ముందు ఆసు పోయాలి. కొయ్యమేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు! ఆ పని చేసి చేసి భుజాలు పట్టేసిన తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసుయంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది.

అంత కష్టపడి నేసిన ఆ డిజైన్‌నే మిషన్ మీద అచ్చేసి కుర్తీగా కుట్టి నాలుగైదొందలకు అమ్మేస్తుంటే మాత్రం ఆ చేతులకు పని ఎలా దొరుకుతుంది? కొనేవాళ్లను తప్పుపట్టలేం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో సంక్రాంతికి, పుట్టినరోజులకు, కాలేజీ ఫంక్షన్లకు చేనేతే కొనమంటే ఏ తండ్రికి వీలవుతుంది? నా బీరువాలోనూ రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువసార్లు బయటికొస్తుందో చెప్పక్కర్లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లెక్కలు మారాయి. రూ.2,500 లోపు రెడీమేడ్ దుస్తులన్నిటికీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 12 శాతం ఉండేది. రూ.2,500 దాటినవాటికి మాత్రం ఇప్పుడు 18 శాతం. షేర్వాణీ, లెహంగా కొనేవాళ్లకు ఇది బరువే. కుట్టని చీర మాత్రం దీన్నుంచి తప్పించుకుంది. బట్ట లెక్కన దానికి ధరతో పనిలేకుండా 5 శాతమే.

ఈ పండక్కి చేనేత కొనాలని మీకు మనసులో ఉంటే చేనేత మార్కు ఉందేమో అడగండి. నేతలోనే డిజైన్ వచ్చిన అసలు ఇక్కత్‌కి తిరగాబోర్లా తేడా ఉండదు, రెండువైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. పువ్వు అంచుల్లో రంగు కొంచెం పాకినట్టు కనిపిస్తుంది, దాన్ని లోపమనుకోవద్దు. తిరగేస్తే లోపలి వైపు వెలవెలబోతూ ఉందంటే అది అచ్చేసింది. నచ్చితే అదీ కొనుక్కోవచ్చు... కాకపోతే ఇక్కత్ ధర పెట్టి మాత్రం కాదు.